మంద పెట్టిన చేలు

దక్కన్ మెట్ట ప్రాంతాల్లో గొర్రె ఒక్క మాంసం కోసమే పెరిగిన జీవం కాదు. కోతలయ్యాక కురుమలు, గొల్లలు మందలను ఊరూరా తోలుకుపోయేవారు. పగలు కొయ్యకాళ్లలో, బీళ్లలో మేత. రాత్రి రైతు చేలో మంద పెట్టడం. పెంట, మూత్రం పడ్డచోటే మట్టిలో కలిసేవి. బండ్లతో ఎరువు తోలే శ్రమ తప్పేది గనుక రైతు గింజలిచ్చేవాడు, తర్వాతి రోజుల్లో డబ్బిచ్చేవాడు. దక్కనీ గొర్రె నల్లబొచ్చు గొంగడి అయ్యేది.

హరిత విప్లవంతో ఎరువు బస్తాలు వచ్చాయి, బోర్ల కింద రెండో పంట పడి బీళ్లు తగ్గాయి. గొంగడికి గిరాకీ పోయింది. బరువు తూగే నెల్లూరు పొట్టేళ్లతో దాటించడంతో దక్కనీ జాతి పలచబడింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో గొల్ల కురుమలకు తలా 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. మందలు పెరిగాయి గాని మేపే నేల పెరగలేదు.

నెమరువేసే జంతువు కనుక గొర్రె ఎక్కడ మేసినా మీథేన్ వదులుతుంది. కొయ్యకాళ్లలో మేసే గొర్రెకూ దాణా తినే గొర్రెకూ తేడా మేతలోనే. కొయ్యకాళ్లు మనిషి తినేవి కావు. దాణాగా పోసే మొక్కజొన్న, సోయాలకు పొలం, నీరు, ఎరువు విడిగా కావాలి.