వాక్యాన్ని పట్టుకుని ప్రార్థన: ఒక చిన్న చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం అడిగింది. వృత్తిరీత్యా ఇంజనీరును కాబట్టి ఏ ఆనకట్ట గురించో, వంతెన గురించో రాస్తానని మిత్రులు అనుకున్నారు. అవి రాసేవాళ్ళు మన బ్యాచ్‌లలోనే చాలామంది ఉన్నారు. మిషను బడిలో చదువుకున్న మనందరికీ, ఏ మతం ఇంటినుంచి వచ్చినా, చెవిలో మిగిలిపోయిన ఒక అలవాటు ఉంది. పొద్దున అసెంబ్లీలో ముందు కీర్తనల గ్రంథంలోంచి ఒక భాగం చదివేవారు, ఆ తర్వాతే ప్రార్థన. ఈ వరుస ఎక్కడినుంచి వచ్చింది? ప్రార్థన మనసులోంచి రావాలంటారు కదా, మరి పుస్తకం ఎందుకు? ఈ ప్రశ్న మా తరగతిలో ఒకరు మాస్టారిని అడిగారు కూడా. గంట కొట్టేయడంతో జవాబు మిగిలిపోయింది. పెద్దయ్యాక చదివినదాన్నిబట్టి ఆ జవాబు ఇక్కడ రాసే ప్రయత్నం చేస్తున్నాను.

బైబిలు లోపలే మొదలైన అలవాటు

లేఖనాన్ని పట్టుకుని ప్రార్థించడం తర్వాతి కాలపు బోధకులు కనిపెట్టిన పద్ధతి కాదు. బైబిలులోని మనుషులే తమకంటే ముందువాళ్ళ మాటలతో ప్రార్థించారు. చేప కడుపులో ఉన్న యోనా చేసిన ప్రార్థన చూడండి. దాదాపు ప్రతి వాక్యంలోనూ ఏదో ఒక కీర్తన పోలిక కనిపిస్తుంది. లూకా సువార్తలో మరియ పాడిన స్తుతిలో, వందల ఏళ్ళ క్రితం సమూయేలు తల్లి హన్నా చేసిన ప్రార్థన ప్రతిధ్వనిస్తుంది. సిలువ మీద యేసు పలికిన మాటల్లో ఒకటి 22వ కీర్తన మొదటి వాక్యం, మరొకటి 31వ కీర్తనలోది. అపొస్తలుల కార్యముల 4వ అధ్యాయంలో పేతురు, యోహాను బెదిరింపులు విని తిరిగి వచ్చినప్పుడు, సంఘమంతా రెండవ కీర్తనను ఎత్తుకుని, అందులోని రాజులు, అధికారులు అనే మాటలను తమ ఊరి అధికారులకు అన్వయించుకుని ప్రార్థించింది.

అంటే ప్రాణం మీదికి వచ్చిన క్షణాల్లో కూడా వాళ్ళు కొత్త మాటల కోసం వెతుక్కోలేదు. చిన్ననాటినుంచి నోటికి వచ్చిన మాటలే ఆ క్షణంలో వాళ్ళ సొంత మాటలయ్యాయి.

అద్దం, నిచ్చెన

నాలుగవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్, మార్సెల్లినస్ అనే మిత్రుడికి కీర్తనల గురించి ఒక ఉత్తరం రాశాడు. మార్సెల్లినస్ అప్పుడు అనారోగ్యంతో ఉండి కీర్తనలు చదువుకుంటున్నాడు. మిగతా గ్రంథాలు దేవుని సంగతులు మనకు చెబుతాయి, కీర్తనలు మాత్రం మన లోపలి స్థితిని అద్దంలా మనకే చూపిస్తాయని ఆ ఉత్తరం సారాంశం. భయం వేసినప్పుడు ఏ కీర్తన, మేలు జరిగినప్పుడు ఏది, తప్పు చేసి కుమిలిపోతున్నప్పుడు ఏది అని వైద్యుడు చీటీ రాసినట్టు వరుసగా సూచించాడు.

ఆరవ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ తన మఠాల కోసం రాసిన నియమావళి 150 కీర్తనలనూ వారంలో ఒక్కసారైనా పూర్తిచేయాలని చెప్పింది. పన్నెండవ శతాబ్దంలో ఫ్రాన్సులోని కార్తూసియన్ సన్యాసి రెండవ గైగో ఈ సాధనను నాలుగు మెట్ల నిచ్చెనగా వివరించాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో మౌనంగా నిలవడం. భోజనంతో పోలుస్తూ, చదవడం ముద్ద నోట్లో పెట్టుకోవడమనీ, ధ్యానం నమలడమనీ, ప్రార్థన రుచి తీయడమనీ, నాలుగోది ఆ తీపే అనీ అన్నాడు. నమలకుండా మింగితే రుచి తెలియదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే మాటే ఇది.

మంగలి కోసం రాసిన పుస్తకం

ఈ చరిత్రలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం 1535లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో జరిగింది. మార్టిన్ లూథర్‌కు క్షవరం చేసే మంగలి పేరు పీటర్ బెస్కెన్‌డార్ఫ్. ఇద్దరూ మంచి స్నేహితులు. ప్రార్థన ఎలా చేయాలో చెప్పమని పీటర్ అడిగాడు. అప్పటికి యూరప్ అంతటా పేరున్న పండితుడు లూథర్, ఆ మంగలి కోసం ఒక చిన్న పుస్తకం రాసి అచ్చువేయించాడు.

అందులో చెప్పిన పద్ధతి చాలా సులువు. ప్రభువు నేర్పిన ప్రార్థననో, పది ఆజ్ఞలనో, ఒక కీర్తననో తీసుకో. ఒక్కో వాక్యం దగ్గర ఆగు. ప్రతి ఆజ్ఞనూ నాలుగు పోగుల దండలా అల్లుకో. ఈ మాట నాకేం నేర్పుతోంది? దేనికి కృతజ్ఞత చెప్పాలి? ఏ తప్పు ఒప్పుకోవాలి? ఏమి అడగాలి? అంతే. అయితే ఈ మాటల్నే వల్లించమని చెప్పడం లేదని లూథర్ హెచ్చరించాడు. మధ్యలో మనసుకు ఒక మంచి ఆలోచన తోస్తే మిగతా వరుస పక్కన పెట్టి, మౌనంగా దాన్నే వినమన్నాడు. పీటర్ వృత్తినే ఉదాహరణగా తీసుకున్నాడు. మంచి మంగలి కత్తి మీదా జుట్టు మీదా చూపు నిలుపుతాడు, కబుర్లలో పడితే ముక్కో గొంతో కోస్తాడు, ప్రార్థనకూ ఆ ఏకాగ్రతే కావాలి అన్నాడు.

కథ ఇక్కడితో అయిపోలేదు. అదే ఏడాది ఈస్టరు రోజుల్లో, ఇంట్లో భోజనాల దగ్గర, తాగిన మత్తులో పీటర్ తన అల్లుణ్ణి కత్తితో పొడిచాడు. అల్లుడు చనిపోయాడు. లూథర్ ప్రభృతులు వేడుకోవడంతో మరణశిక్ష తప్పింది గాని, ఆస్తి పోయి, ఊరు విడిచి, డెస్సావ్‌లో ప్రవాసిగా బతకాల్సి వచ్చింది.

ప్రార్థన పద్ధతుల గురించి మాట్లాడేవాళ్ళు తరచు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు. నాకు మాత్రం రెండూ కలిపే చెప్పాలనిపిస్తుంది. మేస్త్రీ చేతిలో రసమట్టం ఉన్నంత మాత్రాన గోడ తిన్నగా లేవదు. ప్రతి వరుసకూ పెట్టి చూడాలి, వంకర కనిపిస్తే ఇటుక తీసి మళ్ళీ పెట్టాలి. ఆమోసు గ్రంథంలో దేవుడు మట్టపుగుండు చేతపట్టుకుని గోడ దగ్గర నిలబడిన దర్శనం ఉంది. వాక్యం మనల్ని కొలిచే మట్టపుగుండు కూడా అని దాని భావం. చదివినవాడు తనను తాను కొలుచుకోకపోతే ఎంత మంచి పుస్తకమైనా అల్మారాలోనే ఉంటుంది. అయినా లూథర్ స్నేహితుణ్ణి వదిలేయలేదు. ఆ పుస్తకాన్నీ జనం వదిలేయలేదు. ఒక హంతకుడి పేరున్న ప్రార్థన పుస్తకాన్ని దాదాపు 500 ఏళ్ళుగా చదువుతూనే ఉన్నారు. పడిపోయినవాళ్ళకు కూడా ప్రార్థన కావాలి కదా.

తర్వాత 1710లో ఇంగ్లండులో మాథ్యూ హెన్రీ, బైబిలు మాటలనే స్తుతి, ఒప్పుకోలు, విన్నపం, కృతజ్ఞత, విజ్ఞాపన అనే శీర్షికల కింద అమర్చి ప్రార్థన పుస్తకం చేశాడు. బ్రిస్టల్‌లో అనాథ శరణాలయాలు నడిపిన జార్జ్ ముల్లర్ 1841 ప్రాంతంలో తన అలవాటు మార్చుకున్నాడు. లేవగానే ప్రార్థనకు కూర్చుంటే మనసు చాలాసేపు అటూ ఇటూ తిరిగేదట. ముందు వాక్యం చదివి, చదివినదాన్నే ప్రార్థనగా మలచడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది తీరిందని రాసుకున్నాడు.

తెలుగు నేల మీద

ఇదంతా తెలుగువాడికి అందాలంటే ముందు వాక్యం తెలుగులో ఉండాలి. పద్దెనిమిదవ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్‌లు ఆనందరాయర్ సాయంతో సువార్తల అనువాదం చేపట్టారు. 1818లో మద్రాసులో కొత్త నిబంధన తెలుగులో వెలువడింది. పూర్తి బైబిలు ఆ శతాబ్దం మధ్యకు గాని చేతికి రాలేదు.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులోని ఒక కొండ మీదికి అయిదుగురు ఎక్కారు. లైమన్ జూయెట్ దంపతులు, వారితో ముగ్గురు తెలుగువాళ్ళు. నెల్లూరు మిషనును మూసేయాలా వద్దా అని అమెరికాలో చర్చ నడిచిన రోజులవి. కొండల మీద శుభవార్త తెచ్చేవాడి పాదాల అందం గురించి చెప్పే యెషయా 52వ అధ్యాయాన్ని అక్కడ చదివి, ఒక్కొక్కరూ ప్రార్థించారు. చదివింది కొండ గురించి, నిలబడింది కొండ మీద. వాళ్ళ విన్నపానికి ఆ వాక్యమే రూపం ఇచ్చింది.

తర్వాత అదే ఒంగోలుకు వచ్చిన జాన్ క్లౌ కుర్రతనంలో అమెరికాలో సర్వే పనిచేసినవాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపాడు. ఇంజనీరుగా ఆ ఘట్టం నాకు ప్రత్యేకం. కాలువ గట్టు మీద పగలంతా మట్టి మోసిన జనానికి ఆయన, ఆయన బోధకులు మళ్ళీ మళ్ళీ వినిపించిన మాట, భారం మోసి అలసినవాళ్ళను దగ్గరకు రమ్మనే మత్తయి 11వ అధ్యాయం పిలుపు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో చాలామందికి అక్షరం రాదు. నోటికి వచ్చిన ఒకటి రెండు వాక్యాలే వాళ్ళకు ప్రార్థన పుస్తకం.

చదువురాని ఇళ్ళకు వాక్యాన్ని చేర్చిన మరో దారి పాట. 1803లో పుట్టి 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి వంటివారు మన రాగతాళాల్లో కట్టిన కీర్తనలు ఈనాటికీ తెలుగు సంఘాల్లో వినిపిస్తాయి. మా అమ్మమ్మ బైబిలు తెరిచి చదవలేకపోయేది. పొయ్యి దగ్గర కూర్చుని పాడుకునేది. ఆ పాటలోనే ఆమె వాక్యమూ ప్రార్థనా రెండూ ఉన్నాయి.

ఇక మన కాలానికి

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో 13వ కీర్తనతో చూడవచ్చు. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో ఇంకా ఎంతకాలమని నాలుగుసార్లు నిలదీత. తర్వాతి రెండింటిలో విన్నపం. చివరి రెండింటిలో నమ్మకం. ఏడేళ్ళ క్రితం మా నాన్నగారు ఆసుపత్రి ఐసీయూలో పదకొండు రోజులు ఉన్నప్పుడు, బయటి బెంచీ మీద నాకు ఒక్క మాట కూడా తోచలేదు. ఆ కీర్తనలో మొదటి రెండు వచనాల దగ్గరే మూడు రోజులు ఉండిపోయాను. దేవుణ్ణి అలా అడగవచ్చని గ్రంథమే అనుమతి ఇచ్చింది. చివరి వచనాలు నా నోటికి రావడానికి నాన్నగారు పోయిన తర్వాత చాలా నెలలు పట్టింది. 88వ కీర్తనలాగా చీకటితోనే ముగిసేవి కూడా ఆ గ్రంథంలో ఉన్నాయని అప్పుడే గమనించాను. మన దుఃఖాన్ని తొందరపెట్టని గ్రంథం అది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కళ్ళు మూసుకుని ఏదో ఒక పేజీ తెరిచి, వేలు పడిన వాక్యాన్ని శకునంలా పట్టుకోవడం ఈ పద్ధతి కాదు. ముందూ వెనకా చదవాలి, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో చూడాలి. శత్రువుల మీద కోపంతో రగిలే కీర్తనలను పక్కింటివాడి మీద ప్రయోగించకూడదు. ఆ కోపాన్ని దేవుని ముందు దించుకోవడానికి వాటిని చదవాలి.

మాస్టారికి ఆ రోజు జవాబు చెప్పే వ్యవధి దొరకలేదు. ఈ వయసులో నాకు తోచిన జవాబు ఇది: ప్రార్థన మనసులోంచే వస్తుంది, కాని మనసుకు మాటలు ఎవరో ఒకరు నేర్పాలి. మాట్లాడటం అమ్మ దగ్గర నేర్చుకున్నట్టే. మనకు ఆ మాటలు కంఠస్థం చేయించిన గురువులు ఇప్పుడు కొందరే మిగిలారు. ఈ స్వర్ణోత్సవ వేళ వారందరికీ నా నమస్కారాలు. ఇప్పుడు పాఠం చెబుతున్న ఉపాధ్యాయులకు ఒక విన్నపం: పిల్లల చేత ఏవైనా కొన్ని మంచి మాటలు నోటికి వచ్చేలా చదివించండి. ఏ మతం పిల్లలైనా సరే, వాళ్ళ ఇంటి గ్రంథంలోవైనా సరే. వాళ్ళకు అవి ఎప్పుడు అవసరమవుతాయో మనం చెప్పలేం.