వేరు కుంపట్లు, కొత్త కొనుగోళ్లు: 2001–2011 జనగణన చెప్పే పాఠం

జీఎస్-1లో జనాభా ప్రశ్న రాగానే వృద్ధిరేటు రాసి, ‘ఉమ్మడి కుటుంబాలు విచ్ఛిన్నమవుతున్నాయి’ అనే వాక్యం చేర్చి ముగించడం మామూలే. ఈ రెండింటికీ మార్కెట్‌తో ఉన్న సంబంధాన్ని ఒక్క దశాబ్దం తీసుకుని చూద్దాం.

2001లో దేశ జనాభా సుమారు 102.9 కోట్లు, 2011లో 121 కోట్లు. అంటే 17.7 శాతం పెరుగుదల. అదే కాలంలో కుటుంబాలు 19.2 కోట్ల నుంచి 24.7 కోట్లకు, అంటే 28 శాతానికి పైగా పెరిగాయి. జనగణన దృష్టిలో కుటుంబమంటే ఒకే వంటగదిలో వండుకుని తినేవాళ్లు. మనుషుల కంటే కుంపట్లు వేగంగా పెరిగాయన్నమాట.

కారణాలు రెండు గుర్తుంచుకోండి. ఒకటి, జననాలు ఎక్కువగా ఉన్న కాలంలో పుట్టినవాళ్లు పెద్దవాళ్లై వేరు కాపురాలు పెట్టారు. రెండు, వాళ్లకు పిల్లలు తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతానోత్పత్తి రేటు 1992–93లో 3.4 ఉంటే 2019–21 నాటికి 2.0కు దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8.

మరి వ్యాపారికి ఇదెందుకు? బియ్యం, సబ్బు మనిషి లెక్కన ఖర్చవుతాయి. కుక్కర్, టీవీ, ఫ్రిజ్ ఇంటి లెక్కన అమ్ముడవుతాయి. ఎనిమిది మంది ఉన్న ఇల్లు రెండైతే బియ్యం దాదాపు అంతే, కుక్కర్లు మాత్రం రెండు.

టీవీ లెక్క చూడండి. 2001లో 31.6 శాతం కుటుంబాలకు టీవీ ఉంది, 2011లో 47.2 శాతానికి. అంటే సుమారు 6.1 కోట్ల ఇళ్ల నుంచి 11.6 కోట్ల ఇళ్లకు. కుటుంబాల సంఖ్య 19.2 కోట్ల దగ్గరే ఆగి ఉంటే, అదే 47.2 శాతానికి 9 కోట్ల ఇళ్లే అయ్యేవి. స్థూలంగా 2.6 కోట్ల ఇళ్ల తేడా కేవలం కుంపట్లు పెరగడం వల్లే. పెరిగిన ఆదాయం ఒక్కటే దీన్ని వివరించలేదు.

ఇకముందు మలుపు వయసుది. ప్రభుత్వ అంచనాల ప్రకారం 60 ఏళ్లు దాటినవారి వాటా 2011లో 8.4 శాతం, 2036 నాటికి 14.9 శాతం. మందులు, ఇంటివద్ద సంరక్షణ, ఆరోగ్య బీమాకు గిరాకీ పెరిగేది అందుకే.

చివరిగా ఒక మాట. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. పాత లెక్కతో అంచనా వేసిన కంపెనీకి సరుకు మిగులుతుంది, మరుసటి ఏడాది సర్దుకుంటుంది. కానీ 2013 ఆహార భద్రతా చట్టం కింద లబ్ధిదారుల పరిమితి కూడా 2011 జనాభా మీదే నిలిచి ఉంది. అక్కడ లెక్క పాతబడితే, ఆ తర్వాత వెలిసిన పేద కుంపట్లు రేషన్‌కు బయటే ఉండిపోతాయి. జవాబు ముగింపులో ఈ తేడా రాయండి.