గాజుపలక మీది కణం

నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే వేడి చేసిందనుకొని, సబ్జాగింజలు నానబెట్టి తాగి ఊరుకోవడం తెలుగు పల్లెలకు కొత్త కాదు. మూత్రపిండంలోనో మూత్రాశయంలోనో పుట్టిన క్యాన్సరుకు తొలి సూచన అదే కావచ్చు. వనపర్తి జిల్లాలో కృష్ణానదికి చేరువనున్న వీపనగండ్ల వంటి మండలాల దృష్టితో చూస్తే, ఈ వ్యాధినిర్ణయ చరిత్ర రెండు వేగాలతో, విద్య త్వరగానూ అది పల్లెకు చేరడం ఆలస్యంగానూ, నడిచినట్లు కనబడుతుంది.

శరీరాన్ని కోయకుండా లోపలిని చూసే విద్య 1895లో రాంట్జెన్ ఎక్స్ కిరణాలతో ఆరంభమై, 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ కంప్యూటరును జోడించి రోగిపై ప్రయోగించిన సీటీ స్కాన్‌తో ప్రౌఢిమ సంతరించుకొంది. ఈ రెంటి మధ్యకాలంలోనే, 1966లో, డొనాల్డ్ గ్లీసన్ ప్రోస్టేటు క్యాన్సరును కణజాల విన్యాసాన్ని బట్టి శ్రేణులుగా విభజించాడు. ఆ పద్ధతి చికిత్సకు దారి చూపినా, కణజాలాన్ని పరచిన ఒకే గాజుపలకను, అంటే స్లైడును, చూసిన ఇద్దరు నిపుణులు వేర్వేరు శ్రేణులు సూచించడం తప్పలేదు. యంత్రసహాయాన్ని కోరడానికి ఈ అభిప్రాయభేదం ఒక ముఖ్యకారణం.

హైదరాబాదులో క్యాన్సరు వైద్యానికి 1955లో ఏర్పడిన మెహదీ నవాజ్ జంగ్ సంస్థ పేదలకు దిక్కు కాగా, 1998లో స్థాపితమైన ట్రిపుల్ ఐటీలో పి.కె. వినోద్, సి.వి. జవహర్ బృందం 2019లో మూత్రపిండ క్యాన్సరు స్లైడులపై తమ అధ్యయనాన్ని ప్రకటించింది. ఆ క్యాన్సరులోని ఒక రకంలో కణాలు ఖాళీగా కనబడతాయి. లోపలి కొవ్వూ గ్లైకోజెనూ స్లైడు తయారీలో కరిగిపోగా మిగిలిన బోలుతనం అది. కంటికి చిక్కే ఇటువంటి ఆనవాళ్లను యంత్రానికి నేర్పడానికి, అతిపెద్దదైన స్లైడు చిత్రాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి చూపారు. మూత్రపిండ క్యాన్సరులోని మూడు రకాలను వేరుచేయడంలో అది 94.07 శాతం కచ్చితత్వం సాధించింది. వాటిలో క్రోమోఫోబ్ అనే రకాన్ని ఆరోగ్యకరమైన కణజాలం నుంచి విడదీయడంలో మాత్రం 87.34 శాతం వద్ద ఆగింది.

ఈ ఫలితం మెచ్చదగినదే అయినా, శిక్షణకు వాడిన స్లైడులు అమెరికా భాండాగారానివి. రంగుల గాఢతా, కోత మందమూ, స్కానరూ ప్రయోగశాలను బట్టి మారతాయి కనుక ఒకచోట నేర్చిన యంత్రం మరొకచోట తడబడవచ్చు. అనంతరం ట్రిపుల్ ఐటీ హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రితో కలిసి, మెదడు కణుతుల విషయంలోనే అయినా, మన రోగుల స్లైడుల సంచయాన్ని కూర్చడం ఈ లోటును గుర్తించిన అడుగు.

2016లో వనపర్తి జిల్లా ఏర్పడింది. 2022లో వనపర్తి పట్టణానికి ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. దూరం కొంత తగ్గినా, యంత్రం పరీక్షించగలిగేది స్లైడు మీదికి చేరిన కణాన్నే. కనుక మూత్రంలో ఎరుపు కనబడితే, అది ఒక్కసారే అయినా, నొప్పి లేకపోయినా, వైద్యునికి చూపించుకోవాలి.