బాయ్‌కాట్

బాయ్‌కాట్ అనగా నిరసన సూచకంగా ఒక వ్యక్తితో, సంస్థతో లేదా వస్తువుతో సంబంధాన్ని సామూహికంగా తెంచుకొనుట అనే అర్థంగల ఆంగ్ల క్రియ. తెలుగులో దీనిని బహిష్కరించుట అంటారు.

వ్యుత్పత్తి

1880లో ఐర్లండులోని మేయో కౌంటీలో కౌలు తగ్గింపు కోరిన రైతులను ఎస్టేటు ఏజెంటు ఛార్లెస్ బాయ్‌కాట్ భూముల నుండి వెళ్ళగొట్టబూనాడు. దానితో కూలీలు ఆయన పొలంలో పని మానివేశారు; దుకాణదారులు సరుకులు అమ్మలేదు. ఆ సంవత్సరమే ఆయన ఇంటిపేరు క్రియగా వాడుకలోకి వచ్చింది.

తెలుగునాట

1921లో పల్నాటి పుల్లరి సత్యాగ్రహంలో, అడవిలో పశువుల మేతపై పన్నును వ్యతిరేకించిన గ్రామస్థులు ప్రభుత్వోద్యోగులకు సహకారం నిరాకరించారు. అయితే బలహీనుల ఆయుధమైన బహిష్కరణ బలవంతుల చేతిలో పీడనగా కూడా మారింది. పని ఇవ్వకుండా, సరుకులు అమ్మకుండా దళితులను వెలివేయుటను ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో జరిగిన సవరణ శిక్షార్హమైన నేరంగా పేర్కొంది.