చరిత్ర గ్రంథమూ, కొండమీది శాసనమూ

మెట్‌పల్లిలోని ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకడు ఉపాధ్యాయుని వద్దకు వచ్చి, “చదువదగిన చరిత్ర గ్రంథం ఒకటి చెప్పండి” అని అడిగినాడనుకొందాము. ఏ పుస్తకం పేరు చెప్పవలె? కథ రమ్యంగా ఉంటే చాలునా? ఆ పుస్తకంలోని మాట నిజమని ఎట్లు తెలియును?

తెలుగులో ఇట్టి పుస్తకాలు మొదట అరుదు. ఈ కొరత తీర్చుటకు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలైన వారు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిరి. మండలి తొలి ప్రచురణ హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర. రాజవంశంలో పుట్టినవాని కథ కాదది. కట్టెల గుడిసెలో పుట్టి, అమెరికా అధ్యక్షుడై, 1863లో బానిసల విముక్తి ప్రకటన చేసిన మనిషి కథ. 1910లో చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం ఈ మండలి ద్వారానే వెలువడినది.

అయితే ఎంత గొప్ప చరిత్రకారుడైనను తనకు దొరికిన ఆధారాలను మించి వ్రాయలేడు. శాతవాహన వంశంలో మొదటి రాజు శ్రీముఖుని గురించి 1910 నాటికి తెలిసినది పురాణాల వలనా, మహారాష్ట్రలోని నానాఘాట్ శాసనం వలనా మాత్రమే. తరువాత ఎన్నో ఏండ్లకు జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో పాత నాణేలు బయటపడినవి. వాటిలో కొన్నింటిపై శ్రీముఖుని పేరు ఉన్నదని పలువురు పండితులు గుర్తించిరి. శాతవాహనుల తొలినాటి చరిత్రలో తెలంగాణకు గల స్థానమేమి అన్న ప్రశ్నకు దీనితో కొత్త బలం వచ్చినది. పాత గ్రంథంలో ఈ సంగతి లేకపోవుట రచయిత దోషం కాదు. నాణెం అప్పటికి ఇంకా మట్టిలోనే ఉన్నది.

వ్యక్తుల జీవిత చరిత్రలకూ ఇదే న్యాయం వర్తించును. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండి, 941 ప్రాంతంలో కన్నడ భారతం రచించిన పంపకవి తన వంశాన్ని గురించి కావ్యంలోనే చెప్పుకొన్నాడు. కవి తన్ను గురించి తానే చెప్పినదానిని ఊరకే నమ్మవచ్చునా? కరీంనగర్ జిల్లా కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై ఆయన తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం ఆ వంశానికి రెండవ సాక్ష్యం. అందులో సంస్కృత, కన్నడ పద్యాలతోపాటు తెలుగు కందపద్యాలు కూడ ఉన్నవి. నన్నయకు నూరేండ్ల ముందే తెలుగులో కందం ఉన్నదని ఆ కొండరాయి చెప్పుచున్నది. తమ్ముడు వేయించినది గనుక ఇది కూడ ఇంటివారి మాటయే కదా అని తెలివైన విద్యార్థి అడుగును. అడుగవలసినదే, చరిత్ర పఠనం ఆ ప్రశ్నతోనే మొదలగును.

రాజులు, కవులు మాత్రమే చరిత్ర కాదు. 1949లో వెలువడిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలు, నమ్మకాలను కావ్యాల నుండి ఏరి కూర్చినది. 1955లో ఈ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది.

కాబట్టి ఉపాధ్యాయుడు పుస్తకంతోపాటు మూడు ప్రశ్నలను కూడ విద్యార్థి చేతికి ఇయ్యవలె. ఇది ఏ సంవత్సరంలో వ్రాసినది? దీనికి ఆధారమేమి: శాసనమా, నాణెమా, కావ్యమా, విన్న మాటయా? ఇందులో ఎవరి బ్రతుకు చెప్పలేదు? పాత గ్రంథాన్ని పాతదని త్రోసివేయరాదు. దాని పక్కన కొత్త ఆధారాన్ని ఉంచి చదువవలె. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పిల్లలకు ఆ ఆధారాలు దూరదేశాలలో లేవు. కోటిలింగాల, వేములవాడ, కురిక్యాల ఒక్కొక్క దినపు ప్రయాణంలోనే ఉన్నవి.