అసంయోగజననం

స్త్రీ, పురుష బీజకణాలు కలవకుండానే విత్తనంలో పిండం ఏర్పడడాన్ని అసంయోగజననం లేదా అపోమిక్సిస్ అంటారు. మొలకలు జన్యుపరంగా తల్లిమొక్కకు నకళ్లు. 1908లో వింక్లర్ ఈ పేరు పెట్టినప్పుడు దుంపలు, పిలకల వ్యాప్తినీ ఇందులోనే చేర్చాడు. ఇప్పటి వాడుక విత్తనానికే పరిమితం.

నారింజ గింజలో రెండు పిండాలను లీవెన్‌హుక్ 1719లోనే చూశాడని కొందరు చరిత్రను అక్కడ మొదలుపెడతారు. ఆయన చూసింది పిండాల సంఖ్యనే, వాటి పుట్టుకను కాదు. తొలి గుర్తింపు క్యూ ఉద్యానంలో పనిచేసిన జాన్ స్మిత్‌కు ఇవ్వడమే సబబు. ఆస్ట్రేలియా నుంచి అక్కడికి చేరిన ఆల్కార్నియా మొక్కలన్నీ ఆడవే. అయినా గింజ కట్టాయి, ఆ గింజలు మొలిచాయి. ఆయన పత్రం చదివింది 1839లో, అచ్చయింది 1841లో కాబట్టి గ్రంథాల్లో రెండు సంవత్సరాలూ కనిపిస్తాయి. ఆ పిండాలు అండాంతఃకణజాలం నుంచి పుడుతున్నాయని స్ట్రాస్‌బర్గర్ 1878లో చూపాడు.

మెండెల్‌ను తికమకపెట్టిందీ అసంయోగజననమే. బఠానీ తర్వాత ఆయన చేపట్టిన హైరేసియం మొక్కల సంకరాల సంతతిలో లక్షణాలు విడిపోలేదు. కారణం ఆయన బతికుండగా తేలలేదు. 1903లో ఆస్టెన్‌ఫెల్డ్, రౌంకియేర్ విచ్చని పూగుత్తుల పైభాగాన్ని కోసి, పరాగకోశాలు, కీలాగ్రాలు లేకుండానే గింజ కడుతోందని నిరూపించారు.

కొన్ని మొక్కల్లో క్షయకరణ విభజన తప్పిపోయి పిండకోశం ఏర్పడుతుంది (డాండెలియన్); కొన్నింటిలో పక్కనున్న శరీరకణం ఆ పని చేస్తుంది (గినీ గడ్డి). నిమ్మ, బత్తాయిలలో దారి వేరు. నిమ్మగింజ పైపొరలు ఒలిస్తే చిన్నాపెద్దా పిండాలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. వాటిలో సంయోగం వల్ల వచ్చినది మహా అయితే ఒకటి. మిగిలినవి తల్లి కణజాలానివే. అంకురచ్ఛదం పెరగడానికి పరాగసంపర్కం మాత్రం సాధారణంగా కావాలి. నారుమడిలో తేడాగా కనిపించే మొక్కలను ఏరేస్తే అంటుకట్టడానికి ఒకే తీరు వేరుమూలాలు మిగులుతాయి. రంగపూర్ నిమ్మ అందుకే అంత ఉపయోగం. వైరస్ తెగుళ్లలో చాలావరకు ఈ మొలకలకు రావు. అయితే ముళ్లు ఎక్కువ, కాపు ఆలస్యం. మామిడిలో కేరళ ఒలూర్ టెంకకు పలు మొలకలు వస్తాయి. బంగినపల్లికి ఒక్కటే, అదీ తల్లిని పోలదు, అందుకే అంటు తప్పనిసరి.

పరిణామంలో ఇది గుడ్డిసందు అన్న డార్లింగ్టన్ అభిప్రాయం చాలాకాలం చెల్లింది. హానికర ఉత్పరివర్తనాలు పోగుపడతాయన్న మాట నిజమే. కానీ చాలా జాతుల్లో సంయోగం పూర్తిగా ఆగదు, అడపాదడపా కొత్త జన్యుకలయికలు వస్తూనే ఉంటాయి. కనుక ఆ అభిప్రాయాన్ని యథాతథంగా అంగీకరించడం కష్టం.

సంకర వరి విత్తనాన్ని రైతు ఏటా కొనవలసిందే. దాచిన గింజలో లక్షణాలు విడిపోతాయి. ఈ చిక్కును విప్పగలదన్నదే అసంయోగజననంపై ఆశ. సుందరేశన్ బృందం వరిలో క్షయకరణ విభజనను తప్పించి, స్త్రీబీజకణంలో ఒక జన్యువును పనిచేయించి నకలు గింజలు రాబట్టింది (ఆన్‌లైన్‌లో 2018 డిసెంబరు, సంచికలో 2019). అప్పటికి అలాంటివి దాదాపు 30 శాతమే. 2022లో ఒక వాణిజ్య సంకర వరిలో కొన్ని వంశాల్లో నకలు గింజలు 95 శాతం దాటాయి.