మైక్రోస్కోపు చిత్రాల విశ్లేషణలో మెషిన్ లెర్నింగ్: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

మైక్రోస్కోపు కింద కనిపించే కణాలు, పరాన్నజీవులు, పుప్పొడి, శిలీంధ్ర బీజాల వంటి వాటిని కంప్యూటరు చేత గుర్తింపజేసి, లెక్కింపజేసి, కొలిపించే విద్య ఇది. ఏది కణమో, ఏది మరకో తేల్చే నియమాలను ఇందులో మనిషి ఒక్కొక్కటిగా రాసి ఇవ్వడు. అనుభవజ్ఞులు గుర్తులు పెట్టిన చిత్రాలను చూపిస్తే యంత్రమే ఆ తేడాను పట్టుకుంటుంది. అందుకే ఈ విద్యలో సగభాగం కంప్యూటరు ముందు కాక మైక్రోస్కోపు ముందే జరుగుతుంది. ఆ సగాన్ని చాలా పాఠ్యపుస్తకాలు ఒకటి రెండు పేరాల్లో దాటేస్తాయి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. ఆ రోజున జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. కాబట్టి అంతకుముందటి వ్యాధి సర్వేల అంకెలను ఈ మూడు పట్టణాలకూ నేరుగా అంటగట్టడం సరికాదు. మైక్రోస్కోపుతో పని ఉండే సంస్థలు మాత్రం ఇక్కడ చాలినన్ని ఉన్నాయి. జగిత్యాల పక్కన పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కంప్యూటరు పక్షాన కొండగట్టు దగ్గర నాచుపల్లిలోనూ సిరిసిల్లలోనూ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి.

పూర్వరంగం

యంత్రం చేత కణాలను చదివించే ప్రయత్నం ఎక్కడ మొదలైందన్న దానిపై మూలాలు ఒక్క మాట మీద లేవు. గర్భాశయ ముఖద్వార పరీక్ష స్లైడ్ల కోసం 1950ల మధ్యలో అమెరికాలో తయారైన సైటోఅనలైజర్ నుంచి కొందరు చరిత్ర మొదలుపెడతారు. జుడిత్ ప్రూవిట్, మార్టిమర్ మెండెల్సన్ 1966లో తెల్లరక్తకణాల చిత్రాలను అంకెలుగా మార్చి, కంప్యూటరుతో రకాలుగా విడదీసిన పని నుంచి మొదలుపెట్టేవారు మరికొందరు. ఇప్పుడు మనం చేస్తున్న పనికి రెండోదే దగ్గర. నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) నమూనాల విషయంలోనూ ఇలాంటి వాదమే ఉంది. ఫుకుషిమా 1980లో ప్రకటించిన నియోకాగ్నిట్రాన్‌ను కొందరు మూలమంటారు, లెకున్ బృందం 1989లో చేసిన పనిని కొందరు మూలమంటారు. జీవశాస్త్ర చిత్రాలకు సంబంధించి అసలు మలుపు 2015లో వచ్చింది. ఆ ఏడాది ఫ్రైబర్గ్‌కు చెందిన రొన్నెబెర్గర్, ఫిషర్, బ్రాక్స్ ప్రకటించిన యూ-నెట్ నమూనా, పండ్ల ఈగ లార్వా నాడీ కణజాలపు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పోటీలో గుర్తులు పెట్టిన 30 చిత్రాలతోనే శిక్షణ పొందింది. లక్షల చిత్రాలు లేని చిన్న ప్రయోగశాలలకు ఈ విద్య అందుబాటులోకి వచ్చింది అప్పుడే.

బోదకాలు స్లైడు

ఈ ప్రాంతంలో మైక్రోస్కోపు చిత్రాలను గురించి చెప్పాలంటే మొదట చెప్పవలసింది బోదకాలు, అంటే ఫైలేరియా గురించి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా దేశంలోని ఫైలేరియా పీడిత జిల్లాల్లో ఒకటిగా ఉండేది. జాతీయ నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. వ్యాధి నిర్మూలన కోసం ఏటా అందరికీ మందు మింగించడం 2004 నుంచి దేశంలోని పీడిత జిల్లాల్లో సాగింది. ఆ మందు డైఇథైల్ కార్బమజీన్, యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో రూపొందింది. అప్పటికే కాళ్లు వాచి పనికి దూరమైనవారికి తెలంగాణ ప్రభుత్వం 2018లో పింఛను ప్రకటించింది.

ఈ వ్యాధి పిల్లక్రిమిని, అంటే మైక్రోఫైలేరియాను తొలిసారి చూసిన ఘనత కలకత్తాలో పనిచేసిన టిమొతీ లూయిస్‌దేనని కొన్ని పుస్తకాలు రాస్తాయి. బుడ్డ నీటిలో డెమార్కే 1863లోనే పారిస్‌లో చూశాడన్న కథనానికి ఆధారాలు ఎక్కువ. రక్తంలో మొదట గుర్తించినవాడు మాత్రం లూయిసే, 1872లో. దోమలో ఈ క్రిమి పెరుగుతుందని 1877లో చూపిన పాట్రిక్ మాన్సన్ ప్రోత్సాహంతోనే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు.

మన ప్రాంతంలో కనిపించే ఉకరేరియా బాంక్రాఫ్టై పిల్లక్రిములు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రివేళ ఒంటి రక్తంలోకి వస్తాయి. రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య వాటి సంఖ్య హెచ్చుగా ఉంటుంది. అందుకే సర్వే సిబ్బంది చీకటి పడ్డాక ఇంటింటికీ తిరిగి, వేలికి సూది గుచ్చి, 20 ఘనపు మిల్లీమీటర్ల రక్తాన్ని గాజుపలక మీద మందంగా పూస్తారు. పూత ఆరాక నీటితో ఎర్రరంగు పోగొట్టి, జీమ్సా వంటి రంగు అద్ది చూస్తారు. ఒక్కో స్లైడును అంచు నుంచి అంచు దాకా జరుపుతూ చూడాలి. ఎక్కువ స్లైడ్లలో ఏమీ ఉండదు. ఏమీ లేని స్లైడ్లను గంటల తరబడి అంతే శ్రద్ధతో చూడవలసిన పని ఇది. యంత్రం సాయం నిజంగా అవసరమైంది ఇక్కడే.

చిత్రం తీసే ముందు లెక్క ఒకటి చూసుకోవాలి. కెమెరా సెన్సర్‌లో ఒక్కో గడి 3.45 మైక్రాన్లు అనుకుంటే, 10 రెట్ల లెన్సుతో తీసిన చిత్రంలో ఒక పిక్సెల్ స్లైడు మీద 0.345 మైక్రాన్లకు సమానం. ఈ లెక్కన దాదాపు 280 మైక్రాన్ల పొడవుండే మైక్రోఫైలేరియా 800 పిక్సెళ్ల పొడవున కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడం యంత్రానికి కష్టం కాదు. 7 నుంచి 8 మైక్రాన్ల ఎర్రరక్తకణం అదే లెన్సుతో 20 పిక్సెళ్లకు కాస్త అటూఇటూగా వస్తుంది, అందులోని మలేరియా క్రిమి చుక్కగా తప్ప కనిపించదు. కాబట్టి మలేరియాకు 100 రెట్ల నూనె లెన్సు తప్పదు. ఫైలేరియాలో కూడా రకం తేల్చాలంటే పెద్ద లెన్సు కావాలి. ఉకరేరియా తోక చివర కేంద్రకాలుండవు, బ్రూజియా మలయికి రెండుంటాయి. చిత్రంలో లేని వివరాన్ని ఏ నమూనా తిరిగి తేలేదు. మెగాపిక్సెళ్లు పెంచినా లాభం లేదు, ఎందుకంటే హద్దు లెన్సు దగ్గరే ఉంది. 0.25 న్యూమరికల్ అపర్చరు (కాంతిని గ్రహించే కోణపు కొలత) ఉన్న లెన్సు ఆకుపచ్చ కాంతిలో సుమారు 1.1 మైక్రాన్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీయలేదు.

సెల్‌ఫోనుతో ఫైలేరియా క్రిములను లెక్కించిన పనుల్లో లోవాస్కోప్ పేరు ముందుగా వినిపిస్తుంది. బర్క్‌లీలో ఫ్లెచర్ బృందం రూపొందించిన ఈ పరికరంతో కామెరూన్‌లో 16,000 మందికి పైగా పరీక్షించిన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. దీన్ని కొన్ని సంకలనాలు మెషిన్ లెర్నింగ్ ఖాతాలో వేస్తాయి. కానీ అది రంగు వేయని రక్తంలో క్రిముల కదలికను లెక్కగట్టే పద్ధతి, గుర్తులు పెట్టిన చిత్రాల నుంచి నేర్చుకున్న నమూనా కాదు. ఉకరేరియాతో పాటు బ్రూజియా, మాన్సోనెల్లా, లోవా రకాలను ఫోనులోనే గుర్తించే నమూనాను స్పెయిన్ పరిశోధకుల బృందం 2024లో ప్రచురించింది. మన అవసరానికి ఇదే దగ్గర.

గుర్తులు, వాటి నమ్మకం

శిక్షణ చిత్రాల మీద ఇది క్రిమి, ఇది రంగు పెచ్చు అని గుర్తు పెట్టేది ల్యాబ్ టెక్నీషియనో పాథాలజిస్టో. ఆ గుర్తు తప్పితే యంత్రం ఆ తప్పునే శ్రద్ధగా నేర్చుకుంటుంది. దీనికి మంచి ఉదాహరణ, కొత్తగా నేర్చుకునే ప్రతివారి చేతికీ వచ్చే మలేరియా చిత్రాల సముదాయమే. చిట్టగాంగ్ వైద్య కళాశాల ఆసుపత్రిలో మలేరియా సోకిన 150 మంది, సోకని 50 మంది రక్తపు పూతలను మైక్రోస్కోపుకు ఫోను తగిలించి చిత్రించారు. వాటి నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 27,558 కణ చిత్రాలను సిద్ధం చేసి అందరికీ ఇచ్చింది. క్రిమి ఉన్నవీ లేనివీ సరిసమానం. ఢాకా పరిశోధకులు 2020లో వాటిని మళ్లీ పరిశీలించి, వెయ్యికి పైగా చిత్రాల గుర్తులు అనుమానాస్పదమని పక్కన పెట్టారు. ఆ సముదాయం విలువ ఇందువల్ల తగ్గదు. గుర్తులు కనీసం ఇద్దరు వేర్వేరుగా పెట్టాలని, తేడా వచ్చినచోట మూడోవారు చూడాలని మాత్రం దీనితో రుజువైంది.

ఇంకో పొరపాటు ఇంతకన్నా హెచ్చుగా జరుగుతుంది. 27,558 కణాలంటే 27,558 మంది కారు, 200 మందే. ఒకే మనిషి కణాలు కొన్ని శిక్షణలోకి, కొన్ని పరీక్షలోకి వెళ్తే, యంత్రం ఆ స్లైడు రంగును గుర్తుపట్టి మార్కులు తెచ్చుకుంటుంది. విభజన రోగుల వారీగా జరగాలి. ఆ సముదాయాన్ని ప్రకటించిన 2018 నాటి వ్యాసకర్తలే రోగి స్థాయి ఫలితాలను విడిగా ఇచ్చినా, తర్వాతి విద్యార్థి ప్రాజెక్టులు చాలావాటిలో ఆ జాగ్రత్త కనిపించదు.

సరిసమాన సముదాయం మీద వచ్చిన శాతం ఊళ్లో పనికిరాదన్నది మరో చేదు నిజం. ఒక ఊళ్లో 1,000 మందిలో 10 మంది రక్తంలోనే మైక్రోఫైలేరియా ఉందనుకుందాం. అందరికీ లేదు అని చెప్పే యంత్రం 99 శాతం సరైనదే! ఉన్నవారిలో 90 శాతాన్ని పట్టుకుని, లేనివారిలో 95 శాతాన్ని సరిగా వదిలే నమూనా అయితే 9 మందిని పట్టుకుంటుంది, దాదాపు 50 మందిని అకారణంగా అనుమానిస్తుంది. అయినా పనికొస్తుంది, ఎందుకంటే టెక్నీషియన్ 1,000 స్లైడ్లకు బదులు ఆ 59 స్లైడ్లనే మళ్లీ నిదానంగా చూడవచ్చు. జారిపోయిన ఆ ఒక్కరి సంగతి మాత్రం నివేదికలో రాసి తీరాలి.

హైదరాబాదు అనుభవం

తెలంగాణలో ఈ పద్ధతిని సక్రమంగా, పూర్తి వివరాలతో ప్రచురించిన పనుల్లో నిమ్స్ ఆసుపత్రి, ఐఐఐటీ హైదరాబాదు కలిసి చేసిన ఐపీడీ-బ్రెయిన్ ముఖ్యమైంది. మెదడు కణుతులకు సంబంధించి 367 మంది రోగుల నుంచి తీసిన 547 కణజాల స్లైడ్ల చిత్రాలను ఇది 2024లో పరిశోధకుల ముందుంచింది. సంఖ్య చూస్తే చిన్నదే. అప్పటిదాకా చేతిలో ఉన్న సముదాయాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల రోగులవి కావడం వల్ల దీనికి ప్రాముఖ్యం వచ్చింది. స్లైడ్ల సంఖ్యతో పాటు రోగుల సంఖ్యను కూడా చెప్పిన పద్ధతి అనుసరించదగ్గది.

పొలం, పశువు

కోరుట్ల వైపు పశువుల రక్తపు పూతల్లో థైలేరియా, బెబీసియా, అనాప్లాస్మా, సర్రా క్రిములను వెతకడం పశువైద్య విద్యార్థులకు పాఠంలో భాగం. పొలాస స్థానం ఉల్లికోడును తట్టుకునే వరి రకాలకు, జగిత్యాల సన్నాలకు పేరుపడింది. వరి మీద పని జరిగే అలాంటి చోట మైక్రోస్కోపు కింద చూడదగ్గ వరి అగ్గితెగులు శిలీంధ్ర బీజాలు మూడు గదులతో బేరిపండు ఆకారంలో ఉంటాయి, లెక్కింపుకు అనువైనవి. ఈ ప్రాంతపు పసుపు పొడిలో వేరే పిండి కలిసిందా అన్నది గంజి రేణువుల ఆకారాన్ని బట్టి చూడవచ్చు.

ఉమ్మడి కరీంనగర్ హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తికి దేశంలో పెద్ద కేంద్రం. ఆడ వరుస మొక్కల పుప్పొడి వంధ్యమేనా అని తేల్చడానికి అయోడిన్, పొటాషియం అయోడైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తారు. ఫలవంతమైన పుప్పొడి గుండ్రంగా, నల్లగా తేలుతుంది. వంధ్య పుప్పొడి ముడుచుకుపోయి రంగు పట్టదు. ఈ పరీక్షకు రోగి అనుమతి అక్కర్లేదు, గోప్యత చిక్కు లేదు, తప్పు జరిగితే ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

పనిముట్లు

ఉచితంగా దొరికేవే చాలు. ఇమేజ్‌జే, దాని విస్తృత రూపం ఫిజీతో మొదలుపెట్టి, ఓట్సు 1979లో చెప్పిన హద్దు గణనతో ముందు లెక్కించి చూడాలి. పుప్పొడి వంటి సులభమైన చిత్రాలకు ఇదే సరిపోతే మెషిన్ లెర్నింగ్ జోలికి పోనక్కర్లేదు. సరిపోకపోతే ఇలాస్టిక్, ఇందులో చిత్రం మీద కుంచెతో నాలుగు గీతలు గీసి నేర్పవచ్చు. ఒకదానికొకటి ఆనుకున్న కణాలను విడదీయడానికి 2018లో వచ్చిన స్టార్‌డిస్ట్, ఆ తర్వాతి సెల్‌పోజ్ ఉన్నాయి. సెల్‌పోజ్‌ను కొందరు 2020 నాటిదంటారు, కొందరు 2021 అంటారు. వ్యాసం ఆన్‌లైన్‌లో 2020 డిసెంబరులో, సంచికలో 2021 జనవరిలో వచ్చింది.

ఈ మూడు పట్టణాల విద్యార్థులు రోగుల రక్తంతో కాక వరి పుప్పొడితో మొదలుపెట్టడం మంచిది. పూత వచ్చే రోజుల్లో ఒక విత్తన చేనుకు వెళ్లి స్లైడ్లు చేసుకుని, తోటి విద్యార్థితో విడివిడిగా గుర్తులు పెట్టి, ఏ మొక్క చిత్రం ఏదో రాసి ఉంచుకోండి. నమూనా ఏదైనా తర్వాత మార్చుకోవచ్చు, ఆ రాతను మాత్రం తర్వాత సృష్టించలేరు.